చంకబిడ్డతో మూడు రోజులు

పసిబిడ్డ ఉన్న ఇంటికి చుట్టాలు రావడమే గాని, ఆ ఇంటివాళ్లు గడప దాటి వెళ్లడం మన పల్లెల్లో తక్కువ. "ఏడాది నిండనీ", "పళ్లు రానీ", "నడక రానీ" అంటారు పెద్దవాళ్లు. ఆ మాటల్లో ప్రేమ ఉంది, అనుభవం కూడా ఉంది. నేను కాదనను. అయితే ఆ బిడ్డతోపాటు ఆ నాలుగు గోడల మధ్య తల్లి కూడా ఉంటుంది. ఆమె సంగతి అడిగేవాళ్లు తక్కువ.

మాకు పెళ్లయిన పన్నెండేళ్లకు పాప పుట్టింది. అప్పటికే నాకు నలభై దాటాయి. దేవుడు ఆలస్యంగా ఇచ్చిన బిడ్డ గనుక ఇంటిల్లిపాదీ ఆమెను అరచేతుల్లో పెట్టుకొని చూశారు. ఆసుపత్రికి, ఆదివారం గుడికి తప్ప నా భార్య పది నెలలు వీధి మొగం చూడలేదు. క్రమంగా ఆమెలో మార్పు కనిపించింది. అన్నం ముందు కూర్చొని మెతుకులు కెలికేది. పాప నిద్రపోయినా తాను నిద్రపోయేది కాదు. ఏమిటని అడిగితే, "ఏం లేదండీ, ఊరికే ఏడుపొస్తోంది" అనేది.

ఇది చదివే సహోదరులకు ఒక మాట. కాన్పు తర్వాత తల్లి మనసు ఇలా కుంగడం చాలామందిలో జరిగేదే. దాన్ని విశ్వాసం తగ్గినట్టుగానో, గాలి సోకినట్టుగానో తీసుకోవద్దు. రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. మేమూ చూపించాం. రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాసి, డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఈమెకు నిద్ర కావాలి, నలుగురు మనుషులు కావాలి, కాస్త బయటిగాలి కావాలి. అవి నేను చీటీ మీద రాయలేను, మీరే ఇవ్వాలి" అన్నది.

2024లో జనవరి 26 శుక్రవారం వచ్చింది. ఉద్యోగస్తులకు శుక్ర, శని, ఆదివారాలు కలిసి మూడు రోజుల సెలవు. పాస్టరుకు మాత్రం ఆదివారమే అసలు పనిదినం. సంగతి తెలిసి మా సంఘపెద్దలే వచ్చి, "అయ్యగారూ, ఈ ఒక్క ఆదివారం ఆరాధన మేము జరిపించుకుంటాం. అమ్మగారిని ఎటైనా తీసుకెళ్లండి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మరువలేను.

ఎక్కడికి? నేను థియాలజీ డిప్లొమా చదివిన రోజుల్లో నా గదిలో ఉన్న మిత్రుడు దుమ్ముగూడెం వైపు అడవి గూడేలలో సేవ చేస్తున్నాడు. 19వ శతాబ్దంలో గోదావరిలో పడవలు నడిపించాలని ఇంజనీర్లు ఆనకట్ట కట్టిన చోటు ఆ దుమ్ముగూడెం. అక్కడ ఒక గూడేనికి బండి పోదు. రోడ్డు ఆగిన చోటి నుండి నాలుగు కిలోమీటర్ల కాలిబాట. "రండి, పాపకు అడవి చూపిద్దాం" అని అతను ఎన్నోసార్లు పిలిచాడు. నా భార్య మొదటిసారి తలెత్తి, "నడిచే వెళ్దామా?" అని అడిగింది. పది నెలల తర్వాత ఆమె తనకై తాను కోరిన మొదటి కోరిక అది.

మా అమ్మ మాత్రం ససేమిరా అంది. "ఏంది కొడుకా, పన్నెండేండ్లకు కన్న పిల్లను అడివికి మోసకపోతవా? దోమలుంటయి, ఎలుగ్గొడ్లుంటయి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె భయం ఉత్తది కాదు. గోదావరి ఏజెన్సీలో మలేరియా ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పిందో ఈ ప్రాంతం వాళ్లకు తెలుసు. ఐదేళ్లలోపు పిల్లలకు అది మరీ ప్రమాదం. అందుకే అమ్మతో వాదించలేదు. ఆమె భయపడిన ఒక్కొక్క సంగతికీ ఒక్కొక్క ఏర్పాటు చేశాం. ఆ ఏర్పాట్లు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదట పాపను డాక్టరుకు చూపించాం. తొమ్మిది నెలలకు వేయవలసిన తట్టు టీకా పడిందని కార్డు చూసుకున్నాం. మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుండి తెల్లవారేదాకా గనుక, మందు పూసిన దోమతెర ఒకటి, చేతులు కాళ్లు నిండా కప్పే నూలు బట్టలు నాలుగు జతలు సర్దాం. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు పెట్టాం. ఒక పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పూర్తిగా కలపాలి. కలిపినది ఒక రోజు దాటితే పారబోయాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్లు అని అంచనాగా కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. జ్వరం చూసే థర్మామీటరు, రాగిపిండి, అరటిపండ్లు, ఒక చిన్న గిన్నె తీసుకున్నాం. తల్లిపాలు ఉండనే ఉన్నాయి. ఆరు నెలలు నిండాక పై తిండి మొదలుపెట్టినా, రెండేళ్లదాకా తల్లిపాలు ఇవ్వడం మంచిదని వైద్యులు చెబుతారు. ప్రయాణంలో దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. కాచనక్కరలేదు, చల్లార్చనక్కరలేదు, గిన్నె కడగనక్కరలేదు.

శుక్రవారం తెల్లవారుజామున నేలకొండపల్లిలో బస్సెక్కాం. మా ఊరి నుండి భద్రాచలానికి దారి కొత్తదేమీ కాదు. భక్త రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో మా ఊళ్లో పుట్టినవాడే. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా సాగే ఆ దారిలో బస్సులు కిక్కిరిసి ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేని ప్రయాణం మొదలైంది గదా! చంటిపిల్లను చూసి ఒక పెద్దావిడ కిటికీ పక్క సీటు ఇచ్చింది. దారి పొడుగునా మిరపతోటలు ఎర్రగా కాసి ఉన్నాయి. కూలీల గుంపులు వంగి కాయ కోస్తున్నాయి. గట్టు మీద చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలు ఒకటి రెండు కనిపించాయి. అప్పుడు వాటిని చూసి ఊరుకున్నాను.

భద్రాచలం దగ్గర గోదావరి దాటి, ఆటోలో రోడ్డు చివరికి చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలైంది. మిత్రుడు, ఆ గూడెం నుండి ఒక కోయ అవ్వ మా కోసం కాచుకొని ఉన్నారు. పాపను నేను భుజాన వేసుకొని నడవబోతే అవ్వ నవ్వి, "అయ్యగారూ, ఇట్ల మోస్తే నీ చెయ్యి పోతది, పిల్ల మెడ పోతది. పాత చీర ఉన్నదా?" అని అడిగింది. నా భార్య మెత్తని నూలు చీర ఒకటి తీసి ఇచ్చింది. అవ్వ దాన్ని మడిచి, భుజం మీదుగా నడుము చుట్టూ తిప్పి, పాపను తల్లి రొమ్ముకు ఆనించి కట్టింది. నాలుగు సంగతులు చెప్పింది. పిల్ల మొగం ఎప్పుడూ కనబడాలి. గడ్డం రొమ్ముకు నొక్కుకోకూడదు, ఊపిరి ఆడదు. పిరుదుల కన్నా మోకాళ్లు పైకి ఉండాలి, కప్ప కూర్చున్నట్టు. తల వంచితే పిల్ల నెత్తి ముద్దాడేంత దగ్గరగా కట్టాలి. తర్వాత నేను ఒక పిల్లల డాక్టరును అడిగితే ఆ నాలుగూ సరైనవేనని, మోకాళ్లు పైకి ఉంటే తుంటి కీలుకు మంచిదని చెప్పాడు. ఆఫ్రికాలోనూ, మెక్సికోలోనూ తల్లులు ఇలాగే గుడ్డతో బిడ్డల్ని కట్టుకొని కొండలెక్కుతారు. బడికి వెళ్లని అవ్వ చెప్పిన పాఠం లోకమంతటి తల్లుల పాఠమే.

ఆ దారిని బడిపిల్లలు గంటలో నడుస్తారట. మాకు రెండున్నర గంటలు పట్టింది. అరగంటకు ఒకసారి ఆగాం. పాలిచ్చాం, తడిబట్టలు మార్చాం, చీమల బారు చూశాం. టేకు ఆకులు ఎండి రాలి, కాలు పెడితే పెళపెళమంటున్నాయి. ఆ చప్పుడుకు పాప ఉలిక్కిపడి, తర్వాత కిలకిల నవ్వింది. ఇప్పచెట్లు, మద్దిచెట్లు, తునికిచెట్లు ఏది ఏదో అవ్వ పేరు పేరునా చూపించింది. ఎండలో నడిచే మనకు చెమట పడుతుంది గాని, కట్టుకున్న బిడ్డ కదలదు. నీడలోకి, చల్లగాలిలోకి వచ్చేసరికి మనకన్నా ముందు బిడ్డకు చలి వేస్తుంది. అందుకే ఆగిన ప్రతిసారీ పాప మెడ వెనుక చెయ్యి పెట్టి చూశాం. చెమటగా ఉంటే ఒక బట్ట తీశాం, చల్లగా ఉంటే ఒకటి తొడిగాం. పొద్దుగూకక ముందే గూడెం చేరాం. సందెవేళ తర్వాత అడవిలో నడవకూడదని అక్కడివాళ్లే కచ్చితంగా చెబుతారు.

రెండో రోజు ఉదయం, గుట్ట మీది నుండి గోదావరి కనబడుతుందని, చూడకుండా పోవద్దని మిత్రుడు అన్నాడు. ఎక్కడానికి గంటన్నర. చల్లటి పూట బయలుదేరాం. సగం దూరం పోయేసరికి ఎండ ముదిరింది. పాప నిద్రకు వచ్చి మారాము మొదలుపెట్టింది. మిత్రుడు, "ఇంకా అరగంటే" అన్నాడు. నేను నా భార్య వైపు చూశాను. ఆమె తలూపి, "దిగుదామండీ" అంది. వెనక్కి తిరిగాం. గోదావరి కనబడలేదు. చింతచెట్టు నీడలో చాప పరిచి ముగ్గురం పడుకున్నాం. లేచి చూస్తే నా భార్య ఇంకా నిద్రపోతూనే ఉంది. పాపను ఎత్తుకొని అవ్వ గూడెమంతా తిప్పుతోంది. రెండు గంటలు ఆమె నిద్ర చెడకుండా కాపలా కాశాను. ఆ గుట్ట ఎక్కి ఉంటే గోదావరిని చూసేవాళ్లం గాని, ఆ నిద్ర దొరికేది కాదు.

ఆ సాయంత్రం పొరుగింటివాళ్లు తేనె తెచ్చి, పాప నాలుకకు రాద్దామన్నారు. అడవి తేనె, ఎంతో ఆప్యాయంగా తెచ్చింది. నా భార్య రెండు చేతులతో అందుకొని, "పాపకు ఏడాది నిండాక పెడతాం, ఇప్పుడు మేం తింటాం" అంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా ఒక రకం సూక్ష్మజీవి ఉండవచ్చు. పెద్దల కడుపులో అది ఏమీ చేయదు గాని, పసివాళ్ల పేగుల్లో విషం పుట్టించి ఒంట్లో పట్టు లేకుండా చేస్తుంది. మన ఇళ్లలో పుట్టగానే తేనె నాకించే అలవాటు ఇంకా ఉంది. దయచేసి మానండి.

శనివారం రాత్రి ఒంటిగంటకు పాప ఏడుస్తూ లేచింది. ఒళ్లు వెచ్చగా ఉంది. అమ్మ మాటలు ఒక్కసారిగా నా చెవుల్లో మోగాయి. ఫోనుకు సిగ్నలు కావాలంటే గుట్ట ఎక్కాలి. 108 వచ్చినా రోడ్డు చివరిదాకే వస్తుంది. చీకట్లో నాలుగు కిలోమీటర్లు పాపను మోసుకొని పోవడమా, తెల్లవారేదాకా ఆగడమా? నా భార్య చేతులు వణుకుతున్నాయి. నావీ అంతే. మిత్రుడు వెళ్లి ఆ గూడెపు ఆశ కార్యకర్తను లేపుకొచ్చాడు. ఇరవై అయిదేళ్లు కూడా నిండని కోయ అమ్మాయి. కంగారు పడకుండా దీపం దగ్గరికి జరిపి, థర్మామీటరు పెట్టింది. నూరు దాటలేదు. తర్వాత పాప చొక్కా ఎత్తి, వాచీ చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. రెండు నెలల నుండి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి యాభైసార్లు గాని, అంతకు మించి గాని ఊపిరి తీస్తే ఆసుపత్రికి పరుగెత్తాలని వాళ్లకు శిక్షణలో నేర్పుతారట. పాపకు ముప్పై ఎనిమిది. "పాలు తాగుతున్నదా? ఉచ్చ పోసిందా? వాంతులు, విరేచనాలు అయినయా? పిలిస్తే చూస్తున్నదా?" అని అడిగింది. పాలు తాగింది, బట్ట తడిసింది, పిలిస్తే చూస్తోంది. చిగురు మీద వేలు పెట్టి చూసి, "పన్నొస్తున్నది అమ్మగారూ. పన్నుకు ఒళ్లు కొంచెం వెచ్చబడతది. గట్టి జ్వరమొస్తే మాత్రం పన్నని ఊరుకోవద్దు, చూపించాలె" అంది. మా పక్కనే కూర్చొని మూడింటికి మళ్లీ ఊపిరి లెక్కపెట్టి, అప్పుడు ఇంటికి పోయింది. పొద్దున పాప ఆడుకుంటూ లేచింది.

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. దోమ కుట్టిన మరునాడే మలేరియా జ్వరం రాదు. కనీసం వారం రోజులైనా పడుతుంది. కాబట్టి అడవికి వెళ్లి వచ్చినవాళ్లు తర్వాత కొన్ని వారాలు కన్నేసి ఉండాలి. జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించి, "ఏజెన్సీకి వెళ్లి వచ్చాం" అని డాక్టరుకు చెప్పాలి. మాకు ఆ అవసరం రాలేదు, దేవునికి స్తోత్రం.

ఆదివారం ఆ గూడెంలోని పాక గుడిలో నన్ను వాక్యం చెప్పమన్నారు. ఆదికాండము 33వ అధ్యాయం తీశాను. ఇరవై ఏళ్ల తర్వాత ఏశావు తమ్ముణ్ణి కలిసి, కలిసి ప్రయాణం చేద్దామంటాడు. యాకోబు ఒప్పుకోడు. తన పిల్లలు లేతవాళ్లని, పాలిచ్చే గొర్రెలు, పశువులు ఉన్నాయని, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా మంద దక్కదని చెప్పి, పిల్లల నడకను బట్టే తాను వస్తానంటాడు. బలవంతుడైన అన్న పక్కన నడవడం గొప్పే. ఆ గొప్పకన్నా వెనుకనున్న పిల్లల కాళ్లే అతనికి ముఖ్యమయ్యాయి. నేను ఈ మాటలు చెబుతుంటే నా భార్య గడప దగ్గర కూర్చొని, పాపను ఒడిలో ఆడిస్తూ, పక్కనున్న ఆడవాళ్లతో ఏదో గుసగుసలాడి నవ్వుతోంది. వాక్యం మధ్యలో మాట్లాడినందుకు నాకు కోపం రాలేదు. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

మధ్యాహ్నం తిరుగుదారి పట్టాం. భద్రాచలం బస్టాండులో ఛత్తీస్‌గఢ్ వైపు నుండి వచ్చిన కోయ కుటుంబాలు గుంపుగా కూర్చొని ఉన్నాయి. ఖమ్మం వైపు మిరప కోతకు పోతున్నారు. గిన్నెలు, బియ్యం మూట, దుప్పట్లు, కర్రలు. అందులో ఒక చిన్నవయసు తల్లి మా అవ్వ కట్టినట్టే బిడ్డను గుడ్డతో కట్టుకొని ఉంది. నా భార్య ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరికీ భాష కలవలేదు. ఇద్దరూ బిడ్డల నోళ్లు తెరిచి పళ్లు చూపించుకున్నారు. ఆమె బిడ్డకు ఏడాది దాటిందని వేళ్లతో చెప్పింది. చూపుకు మా పాపకన్నా చిన్నగా ఉంది. ఎంత దూరం నడిచారని మా మిత్రుడు అడిగితే, బస్సు దొరికేదాకా రెండు రోజులని ఆ గుంపులో పెద్దాయన చెప్పాడు.

మేమూ నడిచాం, వాళ్లూ నడిచారు. మేము అలసినప్పుడు ఆగాం, ఎండ ముదిరితే వెనక్కి తిరిగాం. వాళ్లకు ఆ వీలు లేదు. పిల్లల నడకను బట్టి నడుస్తానని చెప్పుకోవడానికి మనిషికి కొంత నిదానం, కొంత ఆసరా ఉండాలి. ఆ తల్లికి ఆ ఆసరా ఎవరివ్వాలి? ఆమె పోతున్నది ఎవరి చేలోకి? మన చేలోకే గదా!

ప్రియులారా, ఈ పత్రిక చదివే కుటుంబాల్లో మిరప వేసే రైతులు చాలామంది ఉన్నారు. పెట్టుబడి ఎంత, ధర ఎంత, చివరికి చేతిలో మిగిలేది ఎంత అన్నది నాకు తెలియని సంగతి కాదు. నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. కోతకు వచ్చినవాళ్ల పిల్లల కోసం గట్టు మీద ఒక తాటాకు పందిరి వేయండి. కాచిన నీళ్లు మూతపెట్టిన బిందెలో ఉంచండి. పురుగుమందు డబ్బాలు, పంపులు ఆ దరిదాపుల్లో ఉండనీయకండి. మందు కొట్టిన చేలో వెంటనే కోతకు దింపకండి. ఆ గుడ్డల్లో ఉన్న పసివాళ్లే ఆ గాలి పీలుస్తారు. తల్లి పాలివ్వడానికి పూటకు రెండుసార్లు గట్టెక్కితే ఆ సమయాన్ని కూలిలో కోయకండి. పిల్లలు ఎక్కువమంది ఉంటే ఒక పెద్దామెను వాళ్ల దగ్గర కూర్చోబెట్టి, ఆమెకూ కూలి లెక్కగట్టండి. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని వస్తే వాళ్లను చూడడానికి ఒక స్త్రీని నియమించాలని రాసి పెట్టారు. ప్రభుత్వపు పనికి ఉన్న నీతి మన చేనికి ఉండకూడదా? రాత్రివేళ వాళ్లు గుడారాల్లో పడుకుంటారు. ఇంట్లో వాడని దోమతెర ఉంటే ఒకటి ఇవ్వండి. ఊరి ఆశ కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు వాళ్లు వచ్చిన సంగతి చెప్పండి. టీకా పడని బిడ్డ ఉంటే తెలుస్తుంది.

ఇక మన ఇళ్ల మాట. పసిబిడ్డ తల్లిని గడప లోపలే ఉంచడం ఒక్కటే రక్షణ అనుకోకండి. బిడ్డకు తగిన ఏర్పాటు చేసి, బిడ్డ తట్టుకొనేంత దూరమే పెట్టుకొని, వెనక్కి తిరగవలసి వస్తే సిగ్గుపడకుండా తిరిగి వచ్చేటట్లయితే, తల్లిని నాలుగు అడుగులు బయటికి తీసుకెళ్లండి. అడవిదాకా అక్కరలేదు. చెరువుగట్టుదాకా చాలు. ఆ కాసేపు బిడ్డను మీరు మోయండి.